రాయపురం పాత స్టేషన్: “దేశంలోనే పాతది” అన్న మాటలో నిజమెంత?

గూడూరు_జంక్షన్
పోయిన నెల మా నాన్నగారిని కంటి పరీక్ష కోసం చెన్నై తీసుకువెళ్లాను. మధ్యాహ్నం ఖాళీ దొరికింది, ఎక్కడికి వెళదామని అడిగితే ఆయన మెరీనా అనలేదు, కపాలీశ్వరుడి గుడి అనలేదు, “రాయపురం చూపించు” అన్నారు. రైల్వే సిగ్నల్ విభాగంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసిన మనిషి. ఆ స్టేషన్ మీదుగా వందలసార్లు ప్రయాణం చేసినా ఒక్కసారీ అక్కడ దిగలేదట. బీచ్ స్టేషన్‌లో లోకల్ ఎక్కి, మరుసటి స్టేషన్‌లో దిగాము. మాతోపాటు దిగినవారు పదిమంది కూడా లేరు.

గ్రీకు తరహా స్తంభాల వరుస ముందు నాన్నగారు చాలాసేపు నిలబడి, ఒక స్తంభానికి అరచెయ్యి ఆనించారు. చెయ్యి తీసి చూసుకుంటే గీతల నిండా తెల్లని పొడి. “ఇంకా రాలుతూనే ఉందిరా” అని చేతిరుమాలుతో తుడుచుకున్నారు. బయట టీ కొట్టు పెద్దాయనను ఈ కట్టడం ఎప్పటిదని అడిగితే, “నాకు తెలిసినప్పటినుంచీ ఇలాగే ఉంది” అని చెప్పి, అల్లం దంచుకోవడంలో పడిపోయాడు.

నా బాధ ఏమిటంటే, దేశంలోనే పాత స్టేషన్ అని అందరూ చెప్పుకునే చోట నిలబడి ఐదు నిమిషాలు చదువుకోవడానికి తగిన వివరం మాకు కనిపించలేదు. ఇంతకీ ఆ మాట నిజమేనా? తొలి రైలు బొంబాయిలో కదా నడిచింది? నిజమే అయితే, అంతటి స్టేషన్ ఒక లోకల్ స్టాపుగా ఎందుకు మిగిలిపోయింది?

పాతపట్టాలు
మాటను కొంచెం సరిచేసి చెప్పుకోవాలి. ఇది దేశంలో తొలి స్టేషన్ కాదు. ఇప్పటికీ నిలిచి ఉన్న స్టేషన్ కట్టడాలలో పాతది. బొంబాయి బోరీబందర్ నుంచి ఠాణాకు 1853 ఏప్రిల్ 16న రైలు నడిచింది. హౌరా నుంచి హుగ్లీకి 1854 ఆగస్టు 15న నడిచింది. అయితే ఆ రెండు చోట్లా తొలినాటి కట్టడాలు మిగలలేదు. బోరీబందర్ స్థానంలో 1888 నాటికి విక్టోరియా టెర్మినస్ లేచింది, హౌరాలో ఇప్పుడు మనం చూసే భవనం 1905 నాటిది. మూడోదిగా వచ్చిన రాయపురం మాత్రం 1856 నాటి ముఖంతోనే నిలబడింది.

మద్రాస్ రైల్వే కంపెనీ 1845లో లండన్‌లో ఒకసారి పుట్టి, నిలదొక్కుకోలేక, 1852లో మళ్లీ ఏర్పడింది. 1853లో పని మొదలై, మూడేళ్లలో రాయపురం నుంచి ఆర్కాటు దగ్గరి వాలాజా రోడ్డు దాకా సుమారు వంద కిలోమీటర్ల దారి పూర్తయింది. గవర్నర్ లార్డ్ హారిస్ 1856 జూన్ 28న ప్రారంభోత్సవం చేశారు, జూలై 1 నుంచి ప్రజలకు బండ్లు నడిచాయి. దక్షిణ భారతంలో ప్రయాణికులు టికెట్టు కొని రైలెక్కడం అప్పటినుంచే.

తూకంరాయి
“నిలిచి ఉన్నవాటిలో పాతది” అనేది పరుగు పందెంలో మూడో స్థానం వచ్చినవాడు, మొదటి ఇద్దరూ ఊరు వదిలిపోయాక పతకం మెడలో వేసుకోవడం లాంటిది. పైగా 2005లో దానికి పెద్ద మరమ్మతు చేసి మళ్లీ తెరిచారు. నాలుగు గోడలకు కొత్త పూత, కొత్త కప్పు వేసిన తరువాత అది 1856 నాటి కట్టడమేనా అన్నది కూడా ఆలోచించవలసిన మాటే. గొడ్డలికి పిడి మార్చి, ఆ తరువాత తల మార్చి, తాతల నాటి గొడ్డలి అని చెప్పుకునే కుటుంబాలు నాకు తెలుసు.

గోదావరి_గట్టు
తొలి, రెండవ అని తూకం వేసేటప్పుడు మా ఊరిని మరచిపోకండి. ధవళేశ్వరం ఆనకట్టకు రాయి మోయడానికి 1845 ప్రాంతంలోనే పట్టాలు వేశారు. అంతకంటే ముందు 1837లో మద్రాసు పక్కన రెడ్‌హిల్స్ నుంచి రోడ్డు రాయిని తేవడానికి మరొక పట్టాల దారి ఉండేది. రెండింటితోనూ ఆర్థర్ కాటన్ పేరు ముడిపడి ఉంది. మనుషులకంటే రాళ్లే ముందు రైలెక్కాయి.

చివరిబోగీ
ఆ రాళ్లకు టికెట్ తనిఖీ కూడా ఉండేది కాదు. అదృష్టవంతులు.

పాతపట్టాలు
తూకంరాయి గారి గొడ్డలి ఉపమానం బాగుంది కానీ ఇక్కడ అతకదు. గొడ్డలికి రెండే భాగాలు; కట్టడానికి పునాది, గోడ, స్తంభాల వరుస, గదుల అమరిక, పట్టాలకు దానికీ ఉన్న సంబంధం అన్నీ ఉంటాయి. ఇవి నిలిచినంతకాలం అది అదే కట్టడం. పూత మారినంత మాత్రాన మనిషి మారిపోతే, పండగకు కొత్త బట్టలు కట్టుకున్న ప్రతివారినీ ఇంట్లోకి రానివ్వకూడదు.

తొలి అనే మాటలో కూడా తేడా ఉంది. ధవళేశ్వరం దారి ఆనకట్ట పని కోసం వేసినది, పని ముగియగానే దాని అవసరం తీరింది. రాయపురం దారి మాత్రం ఆగలేదు. ఒక శాఖ పడమటి కనుమలను దాటి 1860ల ఆరంభానికి మలబారు తీరంలోని బేపూరు చేరింది, జోలార్‌పేట దగ్గర చీలి 1864లో బెంగళూరు చేరింది, అరక్కోణం దగ్గర వాయవ్యంగా తిరిగి రేణిగుంట, కడప, గుత్తి మీదుగా 1871లో రాయచూరు వద్ద బొంబాయి నుంచి వచ్చే లైనుతో కలిసింది.

కడపరాయి
ఆ చివరి వాక్యం కోసమే ఎదురుచూస్తున్నాను. రాయలసీమకు రైలు తీరాంధ్ర నుంచి రాలేదు, రాయపురం నుంచి బయలుదేరిన కంపెనీ తెచ్చింది. విజయవాడకు మద్రాసు నుంచి నేరుగా లైను పడింది 1899లో. అంతకు దాదాపు ముప్పై ఏళ్ల ముందే మా కడప వాళ్లు రైలెక్కి చెన్నపట్నం వెళ్లారు. కోస్తావాళ్లు మమ్మల్ని వెనకబడినవాళ్లని అంటే ఈ తేదీలు చదివి వినిపిస్తూ ఉంటాను.

దీనికి చేదు వైపు కూడా ఉంది. 1876-78 నాటి ధాత కరువులో కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతాలు ఎండిపోయినప్పుడు, ఓడల మీద వచ్చిన ధాన్యం బస్తాలు మద్రాసు సముద్రపు ఒడ్డున కొండల్లా పేరుకుపోయాయి. వాటిని లోపలికి మోసింది ఈ మద్రాస్ రైల్వేయే. అయినా రోజుకు ఎన్ని బండ్లు నడపగలరో అంతే గింజ చేరుతుంది. పట్టాలకు దూరంగా ఉన్న పల్లెలకు అదీ చేరలేదు. రైలు ఉన్నా లక్షల మంది చనిపోయారు.

బకింగ్‌హాం_కాలువ
1899కి ముందు మా నెల్లూరు వైపు తీరప్రాంతం వాళ్లకు చెన్నపట్నం అంటే పడవ ప్రయాణమే. పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా సముద్రానికి సమాంతరంగా వెళ్లే ఉప్పునీటి కాలువ అది. 1806లో మద్రాసు ఉత్తరాన కొంచెంగా మొదలై, దశాబ్దాల తరబడి పెరిగి, కడపరాయి గారు చెప్పిన ఆ కరువులోనే కూలి పనులు కల్పించడానికి నగరం మధ్యన మరికొంత తవ్వి, 1878లో అప్పటి గవర్నర్ బకింగ్‌హాం పేరు పెట్టారు.

మా అవ్వ వాళ్ల నాన్న ఆ కాలువ మీద శ్రీహరికోట కట్టెలు మోసే పడవలో పనిచేశాడని ఇంట్లో చెప్పుకుంటారు. మద్రాసు పొయ్యిలకు కట్టెలు అక్కడినుంచే వెళ్లేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. బేసిన్ బ్రిడ్జి దగ్గర కట్టెలు దించి, చేతులు కడుక్కునేటప్పటికి పక్కనుంచి రైలు కూత వినిపించేదట. “అది ఒక్క కూతతో ఆర్కాటు పోయేది, మేము ఊరు చేరేసరికి సద్ది పాచిపోయేది” అని ఆయన మాటగా మా అవ్వ చెప్పేది.

మాటలమూట
బేసిన్ బ్రిడ్జి ప్రస్తావన వచ్చింది కనుక ఒక చిన్న సంగతి. సెంట్రల్ పక్కన సాల్ట్ కోటార్స్ అనే పాత సరుకుల యార్డు ఉండేది. ఆ రెండో మాట ఇంగ్లీషు అనుకుని చాలామంది నోరు తిప్పుకుంటారు కానీ, అది మన కొఠారే. ఉప్పు కొఠారులు అని చదువుకుంటే అయిపోతుంది.

విజయనగర_అభిమాని
రాయపురం అనే పేరే చెబుతోంది కదా, అది రాయల కాలం నాటి ఊరు. శ్రీకృష్ణదేవరాయల పేరు మీద వెలసిన ఊర్లో తొలి స్టేషన్ కట్టడం యాదృచ్ఛికం కాదు.

ఫిరంగిపురం_గంట
పూర్తిగా యాదృచ్ఛికమే. అక్కడి రాయడు రాయలు కాదు, రాయప్ప. తమిళ కేథలిక్కులు పునీత పేతురును రాయప్పర్ అంటారు. అక్కడి పడవవాళ్లు కట్టించుకున్న పునీత పేతురు గుడి 1829 నాటిది, స్టేషన్ కంటే ఇరవై ఏడేళ్లు పెద్దది. పేతురు అంటే రాయి, బండ అని అర్థం, అందుకే రాయప్ప. మా గుంటూరు జిల్లా కేథలిక్ పల్లెలలో ఇప్పటికీ రాయప్పలు, చిన్నప్పలు వీధికి నలుగురు ఉంటారు. మా ఇంట్లోనే ఇద్దరు ఉన్నారు.

విజయనగర_అభిమాని
ఒప్పుకుంటున్నాను. పేరులో రాయి ఉన్నందుకు సంతోషిస్తాను, రాయలు లేనందుకు కొంచెం బాధపడతాను.

గూడూరు_జంక్షన్
నా రెండో ప్రశ్నకు ఇంకా సమాధానం రాలేదు. అంతటి స్టేషన్ ఎందుకు చిన్నబోయింది?

ఉప్పుగాలి
మేము మూడు తరాలుగా తండయార్‌పేటలో ఉంటున్న తెలుగువాళ్లం, రాయపురం మాకు నడిచి వెళ్లే దూరం. దీనికి జవాబు సముద్రంలో ఉంది.

1856లో మద్రాసుకు రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసి ఆగితే, కొబ్బరి తాడుతో పలకలను కుట్టి కట్టిన మసులా పడవలు అలలను దాటుకుంటూ వెళ్లి మనుషులను, సరుకును ఒడ్డుకు తెచ్చేవి. మేకులు కొట్టిన గట్టి పడవైతే ఆ అలల దెబ్బకు పగిలిపోతుంది. కుట్టిన పడవ వంగి, సాగి, తట్టుకుంటుంది. ఒడ్డున దిగిన సరుకు నేరుగా రైలెక్కాలంటే స్టేషన్ ఒడ్డునే ఉండాలి. వ్యాపారులు, గోదాములు, కంపెనీ కార్యాలయాలు అన్నీ పక్కనున్న పాత పట్నంలోనే, అంటే ఇప్పటి జార్జిటౌన్‌లోనే ఉండేవి. ఆ రోజుకు రాయపురం సరైన చోటు.

తరువాత నగరం దక్షిణానికి, పడమటికి జరిగింది. 1873లో పార్క్ టౌన్‌లో సెంట్రల్ వచ్చింది, 1908లో ఎగ్మూరు వచ్చింది. దూరపు బండ్లు సెంట్రల్‌కు మారాయి, 1922లో సెంట్రల్ పక్కనే రైల్వే ప్రధాన కార్యాలయానికి కొత్త రాతి భవనం లేచింది. ఇక రాయపురానికి మిగిలింది సరుకుల యార్డు, ఇంజన్ల షెడ్డు. అవమానించి పక్కకు నెట్టింది ఎవరూ లేరు. ఊరు లేచి వెళ్లిపోతే గుమ్మం అక్కడే ఉండిపోయింది, అంతే.

పోర్టు_కూలి_మనవడు
ఉప్పుగాలి గారు సగమే చెప్పారు. 1870లలో సముద్రంలోకి గోడలు కట్టి కృత్రిమ రేవు మొదలుపెట్టారు. 1881 తుఫాను దానిని విరగ్గొట్టింది, మళ్లీ కట్టారు. మన తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువగా కదులుతుంది. అడ్డంగా గోడ కట్టేసరికి దక్షిణాన ఇసుక పేరుకుంది, ఉత్తరాన కోత మొదలైంది. మెరీనా అంత వెడల్పుగా ఉండడానికీ, రాయపురం, తండయార్‌పేట ఒడ్డున బండరాళ్లు పోసుకోవలసి రావడానికీ కారణం ఒక్కటే గోడ. ఒకరి వాకిట్లో పేరుకున్న ఇసుక మరొకరి వాకిలి నుంచి పోయినదే.

విశాఖలో కూడా ఇదే కథ కనుక మనవాళ్లకు కొత్తగా ఏమీ ఉండదు. అక్కడ పోర్టు వాళ్లు తవ్విన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోస్తూ ఉంటారు.

తూకంరాయి
ఇది నాకు నిజంగా తెలియదు. స్టేషన్ గురించి వాదించడానికి వచ్చి సముద్రం గురించి నేర్చుకున్నాను. అయినా పతకం విషయంలో నా మాట మీదే ఉన్నాను.

చివరిబోగీ
తూకంరాయి గారు ఒక విషయంలో ఒప్పుకున్న ఈ తేదీని కూడా శిలాఫలకం మీద చెక్కించాలి.

బెజవాడ_రైలుపిచ్చి
నాకు చిన్నప్పటినుంచీ రాయపురం అంటే స్టేషన్ కాదు, ఇంజన్. విజయవాడ ప్లాట్‌ఫారం చివర నిలబడి, వచ్చే ప్రతి ఎలక్ట్రిక్ ఇంజన్ ఏ షెడ్డుదో చూసి నోటు పుస్తకంలో రాసుకునేవాళ్లం. లాలాగూడ, విజయవాడ, అరక్కోణం, ఈరోడ్, రాయపురం. తెల్లటి డబ్ల్యూఏపీ-7 దూరంగా కనిపించగానే ఏ షెడ్డుదో ముందే చెప్పాలని పందెం. ఆ ఊరు సముద్రం పక్కన ఉంటుందని గానీ, అక్కడ నూట అరవై ఏళ్లు దాటిన స్టేషన్ ఉందని గానీ నాకు ఈ చర్చ చదివేదాకా తెలియదు.

కనుక దానిని చచ్చిన స్టేషన్ అనకండి. కట్టడం ముందు జనం లేకపోవచ్చు కానీ, అక్కడి షెడ్డులో కడిగి, నూనె వేసి పంపిన ఇంజన్లు మన బండ్లను ఇప్పటికీ లాగుతున్నాయి.

ఎగ్మూరు_నుంచి
నా అభిప్రాయం వేరు. అక్కడ రైల్వేకు డెబ్బై ఎకరాలకు పైగా భూమి ఉందని అంటారు. సెంట్రల్, ఎగ్మూరు రెండూ కిటకిటలాడుతున్నాయి. ఉత్తర చెన్నై వాళ్లు ఎన్నో ఏళ్లుగా రాయపురాన్ని మూడో టెర్మినల్ చేయమని అడుగుతూ వచ్చారు. ఆ అవకాశం తాంబరానికి వెళ్లింది. మన హైదరాబాద్ చార్మినార్ ఎక్స్‌ప్రెస్ కూడా ఇప్పుడు తాంబరం దాకా పోతోంది. తొలి స్టేషన్‌ను మళ్లీ నిజమైన స్టేషన్ చేయడమే దానికి మర్యాద. అద్దాల పెట్టెలో పెట్టడం కాదు.

సున్నంగానుగ
టెర్మినల్ అనగానే నాకు భయం వేస్తుంది. ఇరవై నాలుగు బోగీల ప్లాట్‌ఫారాలు, కార్ల పార్కింగు, లిఫ్టులు, ఎస్కలేటర్లు అన్నీ వస్తాయి. అప్పుడు ఆ పాత కట్టడాన్ని మధ్యలో గాజు పెట్టెలా వదిలేస్తారు, లేదా పూర్తిగా పక్కన పడేస్తారు.

అయితే నేను చెప్పదలచింది వేరే. గూడూరు జంక్షన్ గారి నాన్నగారి అరచేతికి అంటిన పొడి గురించి. నేను పాత ఇళ్ల మరమ్మతు చేసేవాడిని. సముద్రం పక్కన ఉన్న పాత గోడలో ఉప్పు ఉంటుంది. ఇటుక తడి పీల్చుకుంటుంది, ఎండకు ఆ తడి బయటకు వస్తూ ఉప్పును పైకి తెస్తుంది. సున్నపు పూత ఉంటే గోడ ఊపిరి పీలుస్తుంది. ఉప్పు పూతలోకి వచ్చి పూత రాలుతుంది, ఇటుక మాత్రం బతుకుతుంది. ఐదారేళ్లకు ఒకసారి పూత వేసుకుంటే చాలు. సిమెంటు పూస్తే తడి బయటకు రాలేక లోపలే ఉండిపోతుంది, ఉప్పు ఇటుక లోపల గడ్డకట్టి ఇటుకనే పిండి చేస్తుంది. పైకి మాత్రం గోడ నున్నగా, ఆరోగ్యంగా కనిపిస్తుంది.

ఇది పుస్తకాలలో చదివి చెబుతున్న మాట కాదు. కొత్తగా పని నేర్చుకున్న రోజుల్లో, తీరంలోని ఒక ఊళ్లో, వందేళ్ల బంగళా వరండా స్తంభాలకు యజమాని తొందర మీద నేనే సిమెంటు పూశాను. మూడు వానాకాలాలు గడిచాయి. నాలుగో ఏడు వెళ్లి ఒక స్తంభాన్ని వేలి కణుపుతో తట్టితే డొల్ల శబ్దం వచ్చింది. పెచ్చు ఊడదీస్తే లోపల ఇటుక ఉండవలసిన చోట ఎర్రటి పిండి, చేటెడు రాలింది. పూత గట్టిగా ఉంది, స్తంభమే లేదు. ఆ తరువాత గానుగలో ఆడించిన సున్నం, నానబెట్టిన కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు తప్ప పాత గోడకు మరొకటి తగలనివ్వలేదు.

కనుక చేతికి పొడి అంటితే బాధపడకండి. అది సున్నమైతే గోడ బతికి ఉన్నట్టు. చేతికి ఏమీ అంటని నున్నటి స్తంభాన్ని చూసినప్పుడు అనుమానించండి.

గూడూరు_జంక్షన్
సున్నంగానుగ గారూ, ఇది నాన్నగారికి చదివి వినిపించాను. “అయితే నేను తుడుచుకోకుండా ఉండవలసింది” అన్నారు.

పాతపట్టాలు
సున్నంగానుగ గారు వ్రాసినది ఈ చర్చలో అన్నింటికంటే పనికివచ్చే మాట. తేదీలు ఎవరైనా చెబుతారు.

ఎగ్మూరు_నుంచి
గోడ గురించి చెప్పినది ఒప్పుకుంటాను, టెర్మినల్ గురించి భయాన్ని ఒప్పుకోను. డెబ్బై ఎకరాలలో పాత కట్టడం ఆక్రమించేది ఒక మూల. ఎగ్మూరు 1908 నాటిది. రోజుకు వేలాది మంది తొక్కుతున్నా నిలబడే ఉంది. జనం వాడుతున్న కట్టడానికి పైకప్పు కారితే ఆ రోజే ఫిర్యాదు వెళుతుంది. ఎవరూ రాని కట్టడానికి కారితే, రావిమొక్క మొలిచి వేరు పోయేదాకా తెలియదు.

సున్నంగానుగ
రావిమొక్క మాటకు నా దగ్గర సమాధానం లేదు. అది నిజం. కానీ నా లెక్కలో వాడుక అంటే టెర్మినలే కానక్కరలేదు. టికెట్ కౌంటరు ఆ పాత హాలులోనే ఉండాలి, ఆ స్తంభాల నీడలోనే పదిమంది రైలు కోసం కూర్చోవాలి, అంత చాలు.

నోరూరు
మ్యూజియం చేస్తే సరిపోదా?

బెజవాడ_రైలుపిచ్చి
చెన్నైలో ఐసీఎఫ్ (రైలు పెట్టెలు తయారుచేసే కర్మాగారం) దగ్గర రైల్వే మ్యూజియం ఇప్పటికే ఉంది. అక్కడ పిల్లలకు చూపించడానికి పాత ఇంజన్లు ఉన్నాయి. రాయపురంలో చూపించవలసింది ఆ కట్టడమే కదా, దానిలో మళ్లీ ఏ వస్తువులు పెడతారు? పెళ్లికూతురి పక్కన పెళ్లికూతురి ఫొటో పెట్టినట్టు ఉంటుంది.

ఉప్పుగాలి
ఇక్కడ నివసించే మాకు టెర్మినల్ కావాలి అన్నది గొప్ప కోసం కాదు. కాశిమేడులో చేపలు దింపేవారు, చాకలిపేటలో బట్టల కొట్లవారు, కొరుక్కుపేటలో మా తెలుగు కుటుంబాలు, వీరందరూ ఊరికి వెళ్లాలంటే సామాను మోసుకుని సెంట్రల్‌కు వెళ్లాలి. నెల్లూరు, ఒంగోలు బండ్లు మా ఇళ్ల వెనక నుంచే పోతాయి, ఆగవు. మా అమ్మ రైలు కూత విని, “అదిగో, మన బండి సెంట్రల్‌కు పోతోంది, అక్కడికి వెళ్లి ఎక్కాలి” అని నవ్వేది.

అందరూ “చరిత్ర” అంటున్నారు గానీ, ఈ పేటలలో తెలుగు వినిపించడమూ చరిత్రలో భాగమే. చాకలిపేటలో కళాశాలకు పేరు పెట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి గారు ఇక్కడి తెలుగు చేనేత కుటుంబంవారే. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో కాశీకి బయలుదేరినప్పుడు చెన్నపట్నం వదిలి మొదట చేరింది మా తండయార్‌పేటలోని తన తోటకే. పల్లకీలతో వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఇరవై ఆరేళ్లు ఆగి ఉంటే కనీసం ఆర్కాటు దాకా రైలులో పోయేవారు.

తూకంరాయి
కాశీకి ఆర్కాటు దారి కాదు కదా.

చివరిబోగీ
టికెట్టు దొరికిన వైపుకు వెళ్లడమే మన అలవాటు.

ఎగ్మూరు_నుంచి
ఉప్పుగాలి గారి మాటకు ఒకటి చేర్చాలి. హైదరాబాద్ నుంచి వచ్చే చార్మినార్, కాకినాడ నుంచి వచ్చే సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎగ్మూరు చేరాలంటే కొరుక్కుపేట, చాకలిపేట, రాయపురం, బీచ్ మీదుగానే రావాలి, మరో దారి లేదు. అంటే తెలుగు ప్రయాణికులు రోజూ ఆ స్టేషన్ లోపలినుంచే వెళుతున్నారు. ఆ సమయానికి అందరూ దుప్పట్లు మడుస్తూ, సీటు కింద చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు.

నోరూరు
నేను పదేళ్లుగా సర్కార్‌లో వస్తున్నాను. ఒక్కసారి కూడా చూడలేదు. చెప్పులు వెతుక్కునేవాడిని నేనే.

బకింగ్‌హాం_కాలువ
వచ్చే ఆదివారం సూళ్లూరుపేట నుంచి లోకల్‌లో వెళ్లి చూడాలనుకుంటున్నాను. నేరుగా వెళ్లవచ్చా?

ఉప్పుగాలి
బీచ్ వైపు వెళ్లే లోకల్ దొరికితే నేరుగా రాయపురంలో దిగవచ్చు. సెంట్రల్ లోకల్ అయితే కొరుక్కుపేటలో దిగి బీచ్ వైపు వెళ్లే బండికి మారండి. పొద్దున్నే రండి, ఎండ ఎక్కక ముందు. స్టేషన్ చూశాక పునీత పేతురు గుడి దాకా నడవవచ్చు, అక్కడినుంచి కాశిమేడు రేవుకు ఆటో. ఆదివారం తెల్లవారుజామున రేవులో వంజరం బేరం చూడవలసిందే, మా భాషలో వంజరం అంటే మీ వైపు కోనాము అనుకుంటాను.

బకింగ్‌హాం_కాలువ
కోనామైతే సంచి కూడా తెచ్చుకుంటాను.

గూడూరు_జంక్షన్
నిన్న రాత్రి నాన్నగారు ఫోన్ చేసి, చార్మినార్‌లో తాంబరం దాకా టికెట్టు తియ్యమన్నారు. తాంబరంలో పనేమిటని అడిగాను. పనేమీ లేదట, బండి రాయపురం దాటేటప్పుడు నిద్ర లేపి కిటికీ దగ్గర కూర్చోబెడితే చాలట.